చెప్పి పోయేవి, చెప్పకుండా పోయేవి



ప్రొద్దుటూరులో ఏ మెకానిక్ షెడ్డు ముందైనా పొద్దున పూట కాసేపు నిలబడండి. ఒకే ప్రశ్న పది గొంతుల్లో వినిపిస్తుంది. "భాయ్, ఇది ఇప్పుడే మార్చాల్నా? ఇంగా కొన్నాళ్ళు తిరగదా?" అడిగేది పదేళ్ళో పదిహేనేళ్ళో నిండిన కారు ఓనరు. జవాబు కూడా రెండు రకాలే. "తిరుగుతాదిలేన్నా, ఏం గాదు" అనేది ఒకటి. "మార్చేస్తే ఒక పని అయిపోతాదన్నా" అనేది రెండోది. ఈ రెండు జవాబులూ నిజమే, రెండూ అబద్ధమే. ఏ సామానుకు ఏ జవాబు నప్పుతుందన్నదే ఇవాళ మనం మాట్లాడుకునే సంగతి.

మన వైపు బండిని తొందరగా వదిలించుకునే అలవాటు లేదు. క్వాలిస్ తయారీ 2005లో ఆగిపోయింది. మారుతి 800 ఆఖరి బండి 2014 జనవరిలో ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చింది. సుమోలు చేయడం 2019లో మానేశారు. కంపెనీలు మానేశాయి గానీ మనం మానలేదు. పులివెందుల చుట్టూ చీనీ తోటల్లోకి, అరటి తోటల్లోకి పోయి చూస్తే ఇవన్నీ ఇంకా పని చేస్తూనే ఉంటాయి. వెనక సీటు మడిచి డ్రిప్పు పైపులు, ఎరువు మూటలు వేసుకుని మట్టిబాటలో పోతుంటాయి. సామాను దొరుకుతుంది, చేసే చేతులున్నాయి, అప్పు తీరిపోయింది. ఇంకేం కావాలి? నన్నడిగితే అది తెలివైన పనే. అయితే ఆ తెలివి నిలబడాలంటే ఏది ఎప్పుడు మార్చాలో తెలిసి ఉండాలి.

ఇక్కడ రెండు రకాల మనుషులు కనిపిస్తారు. ఆగిపోయేదాకా తిప్పేవాళ్ళు మొదటి రకం. చిన్న చప్పుడొస్తే చాలు, చేతికందిన సామానంతా మార్పించేవాళ్ళు రెండో రకం. మొదటివాళ్ళ బండి ముద్దనూరు అవతల ఎక్కడో ఎండలో ఆగిపోతుంది. రెండోవాళ్ళ డబ్బు షెడ్డులో ఆగిపోతుంది.

ఈ చిక్కు కార్లవాళ్ళ కంటే పెద్ద ఎత్తున విమానాలవాళ్ళకు ఎదురైంది. ఒకప్పుడు విమానంలో ఒక్కో భాగానికి ఇన్ని గంటలని ఆయుష్షు కట్టి, ఆ గంటలు నిండగానే బాగున్నా సరే విప్పి మార్చేవాళ్ళు. 1960లలో లెక్కలు తీసి చూసుకుంటే, అంత ఖర్చు పెట్టినా చాలా భాగాలు చెడిపోవడం తగ్గనే లేదు. అమెరికాలో యునైటెడ్ ఎయిర్‌లైన్స్‌లో పనిచేసిన నోలన్, హీప్ అనే ఇద్దరు 1978లో దీని మీద పెద్ద నివేదిక రాశారు. వాళ్ళు చూసిన విమాన భాగాల్లో వయసు మీదపడే కొద్దీ చెడిపోయే గుణం ఉన్నవి నూటికి 11 మాత్రమే. నూటికి 68 భాగాలు కొత్తగా బిగించిన మొదట్లోనే ఎక్కువగా చెడేవి. అంటే బాగున్నదాన్ని విప్పి కొత్తది వేయడం వల్ల డబ్బు దండగ కావడమే గాదు, లేని జబ్బు తెచ్చుకున్నట్టు కూడా కావచ్చు. మన షెడ్లలో ఈ మాట ఇంకా బాగా తెలుసు. "ఆ పని చేయించినప్పట్నుంచే ఈ చప్పుడు మొదలైంది భాయ్" అనే ఫిర్యాదు వినని మెకానిక్ ఉండడు.

అట్లాగని విమానం లెక్క కారుకు అచ్చంగా సరిపోదు. ఒకదానికొకటి రాసుకుని అరిగే సామాన్లు, అంటే టైర్లు, బ్రేకు ప్యాడ్లు, క్లచ్ ప్లేటు లాంటివి, వయసుతో అరగక తప్పదని ఆ ఇద్దరూ ఒప్పుకున్నారు. వాళ్ళు నేర్పిన అసలు పాఠం ప్రశ్న మార్చుకోమని. ఈ సామానుకు ఎన్నేళ్ళయింది అని కాదు మొదట అడగాల్సింది. ఇది పోయే ముందు చెప్పి పోతుందా, చెప్పకుండా పోతుందా? పోతే తానొక్కటే పోతుందా, పక్కవాటిని కూడా పట్టుకుపోతుందా? ఈ రెండింటికి జవాబు తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది. చెప్పి పోయేదాని కోసం చెవి ఒగ్గి కాచుకోవచ్చు. చెప్పకుండా పోయేదాన్ని మాత్రం క్యాలెండరు చూసి మార్చాల్సిందే, అది ఎంత బాగా కనబడుతున్నా సరే.

చెప్పకుండా పోయేవాటిలో టైమింగ్ బెల్టును ముందు చెప్పాలి. ఇంజన్ పక్కన మూత కింద ఉండే పళ్ళ రబ్బరు బెల్టు ఇది. కింద క్రాంకు షాఫ్టు, పైన క్యామ్ షాఫ్టు ఒకదాని లయ ఒకటి తప్పకుండా తిరిగేలా చూస్తుంది. తెగిందంటే కింద పిస్టన్లు పైకొస్తూనే ఉంటాయి, వాల్వులు తెరుచుకున్నవి తెరుచుకున్నట్టే ఆగిపోతాయి. చాలా డీజిల్ ఇంజన్లలో అవి రెండూ గుద్దుకుంటాయి. వాల్వులు వంగుతాయి, హెడ్డు దించాలి, లేతు పని పడుతుంది. తెగే ముందు రోజు కూడా బండి చక్కగానే పోతుంది. చప్పుడుండదు, పొగ ఉండదు, పికప్ తగ్గదు. చూసి చెబుదామంటే మూత విప్పాలి, విప్పినా రబ్బరు లోపలి దారాల సంగతి పైకి తెలియదు.

అన్ని బండ్లకూ బెల్టే ఉండదు. స్విఫ్ట్‌లో వచ్చిన 1.3 డీజిల్ ఇంజనుకు చైను. లోగాన్, డస్టర్‌లలో వచ్చిన 1.5 డీజిలుకు బెల్టు. మారుతి 800కూ బెల్టే. మొదటి తరం ఇన్నోవా డీజిలుకూ బెల్టే, కాకపోతే మార్చే వేళ అయిందని చెప్పడానికి మీటరులో ఒక దీపం పెట్టారు. చైను సాగినప్పుడు పొద్దున్నే స్టార్టు చేయగానే గరగరమని గోల చేస్తుంది, అది చెప్పి పోయే రకం. మీ బండికి బెల్టో చైనో, బెల్టయితే ఎన్ని కిలోమీటర్లకో కారుతో పాటు ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. అందులో కిలోమీటర్లతో పాటు ఏళ్ళు కూడా రాసి ఉంటాయి. రెంటిలో ఏది ముందొస్తే అదే లెక్క. ఏళ్ళ సంగతి మనవాళ్ళు పట్టించుకోరు. "ఏముంది, యాభై వేలే కదా తిరిగింది" అంటారు. తిరగకపోయినా రబ్బరు ముసలిదవుతూనే ఉంటుంది, మన ఎండలో ఇంకా తొందరగా.

సెకండ్ హ్యాండులో కొన్నవాళ్ళకు ఒక మాట. బెంగుళూరు నుంచో హైదరాబాదు నుంచో తెచ్చుకున్న బండికి మీటరు మీద ఉన్న అంకెను నమ్మి బెల్టు లెక్క కట్టొద్దు. మీటరు వెనక్కి తిప్పడం ఎంత తేలికో షెడ్డులో పిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు. బెల్టు మార్చిన బిల్లు చేతిలో ఉంటే మార్చినట్టు, లేకపోతే మార్చనట్టు. అంతే.

రెండోది బ్రేకు ఆయిలు. దీని సంగతి మన జిల్లాలో ఎక్కడ బయటపడుతుందంటే గువ్వలచెరువు ఘాటులో. ప్రొద్దుటూరు నుంచి, జమ్మలమడుగు నుంచి వేలూరు ఆస్పత్రికి పోయొచ్చేవాళ్ళు చాలామంది రాయచోటి మీదుగా వస్తారు. గువ్వలచెరువులో ఆగి పాలకోవా కట్టించుకుని, ఘాటు దిగి కడపకు చేరతారు. నిండా మనుషులు, డిక్కీలో సామాన్లు, ముందర లోడు లారీ. పొడుగునా కాలు బ్రేకు మీదే ఉంటుంది. ప్యాడ్లు కాగుతాయి, ఆ వేడి బ్రేకు ఆయిలుకు చేరుతుంది. ఇక్కడే ఉంది కిటుకు. ఈ ఆయిలు గాలిలోని తేమను పీల్చుకునే రకం. మూత గట్టిగా ఉన్నా రబ్బరు పైపుల గుండా ఏళ్ళ తరబడి కొంచెం కొంచెం పీలుస్తూనే ఉంటుంది. డబ్బా మీద డాట్ 3 అని ఉండే రకం కొత్తదైతే కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. నీళ్ళు చేరాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4 కొత్తదానికి 230, నీళ్ళు చేరినదానికి 155. ఆయిలు మరిగితే పైపులో ఆవిరి బుడగలు వస్తాయి. ఆయిలును నొక్కితే ఒత్తిడి చక్రం దాకా పోతుంది, ఆవిరిని నొక్కితే అది అక్కడే అణిగి కూర్చుంటుంది. పెడలు మెత్తగా కిందికి పోతుంది, బండి ఆగదు. మామూలు రోడ్డు మీద ఇదే ఆయిలు నాలుగేళ్ళు పేచీ పెట్టకుండా పనిచేసి ఉంటుంది. అందుకే రెండేళ్ళకోసారి పాతదంతా తీయించి కొత్తది పోయించాలి. పైన డబ్బాలో తగ్గిందని ఇంత పోసి మూత పెట్టడం మార్చడం కిందికి రాదు. ఖర్చు చూస్తే, కుటుంబమంతా వేలూరు పోయిరావడానికి అయ్యే డీజిలు కంటే తక్కువే. ఘాటు దిగేటప్పుడు గేరు తగ్గించి ఇంజను మీద ఆపుకుంటూ రావడం ఎట్లాగూ ఉండాల్సిందే, అది వేరే సంగతి.

మూడోది నీళ్ళ సంగతి. రేడియేటరులో బోరు నీళ్ళు పోసే అలవాటు ఊరూరా ఉంది. మన ప్రాంతమంతా సున్నపురాయి నేల. యర్రగుంట్ల దగ్గర అన్ని సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది ఆ రాయి కోసమే, నాపరాళ్ళు తీసేదీ ఆ నేలలోనే. అలాంటి నేలలోంచి వచ్చిన నీళ్ళు కాచిన గిన్నె అడుగున తెల్లగా ఏం పట్టుకుంటుందో ఇంట్లో ఆడవాళ్ళను అడగండి. రేడియేటరు సన్నగొట్టాల్లోనూ అదే పడుతుంది, కాకపోతే దాన్ని పీచుతో తోమేవాళ్ళు ఉండరు. కూలెంటు, డిస్టిల్డ్ వాటరు కలిపి పోయాలి. పుస్తకంలో చెప్పిన గడువుకు మార్చాలి. ఆ పనిలో ఉన్నప్పుడే రబ్బరు హోసులను ఇంజను చల్లగా ఉండగా చేత్తో పిసికి చూడాలి. ఎండుకట్టెలా గట్టిపడినా, చివర్లో ఉబ్బినా, క్లిప్పు దగ్గర పగుళ్ళున్నా అది ఇంకో ఎండాకాలం చూడదు. హోసు ధర వందల్లో ఉంటుంది. అది పగిలి, వేడి ముల్లు చూసుకోకుండా పది కిలోమీటర్లు లాగితే హెడ్డు వంగి అయ్యే ఖర్చు వేలల్లో.

బండి వేడెక్కుతోందని థర్మోస్టాటు పీకి పక్కన పడేసే వైద్యం కూడా మన షెడ్లలో ఉంది. నాకది అసలు గిట్టదు. ఇంజను సరైన వేడికి చేరకపోతే డీజిలు ఎక్కువ తాగుతుంది, లోపల అరుగుదల పెరుగుతుంది. వేడెక్కడానికి కారణం మూసుకుపోయిన రేడియేటరో, తిరగని ఫ్యానో అయితే థర్మోస్టాటు తీసి ఏం లాభం?

ఇక టైర్లు. ఇవి సగం చెప్పి పోతాయి, సగం చెప్పకుండా పోతాయి. అరుగుదల కంటికి కనబడుతుంది. గాడుల మధ్య అడ్డంగా చిన్న రబ్బరు గట్లుంటాయి, టైరు పైభాగం అరిగి ఆ గట్లతో సమానమైందంటే 1.6 మిల్లీమీటర్లే మిగిలిందని అర్థం, అక్కడితో దాని పని అయిపోయింది. గుండు టైరుతో వానలో పోవద్దని వేరే చెప్పక్కర్లేదు. మన వైపు అసలు సమస్య అరగని టైరే. నెలకు రెండుసార్లు పెండ్లికో తిరుపతికో బయటికి తీసే బండ్లున్నాయి కదా, వాటి టైర్లకు గాడులు కొత్తవాటి మాదిరే ఉంటాయి. రబ్బరు మాత్రం ఎండిపోయి ఉంటుంది. టైరు పక్కగోడ మీద డాట్ అన్న ఇంగ్లీషు అక్షరాల వరసలో చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని లెక్క. అయిదారేళ్ళు దాటితే ఏటా విప్పించి లోపలా బయటా చూపించాలి. పదేళ్ళు దాటితే గాడులెంతున్నా తీసేయాలి. మే నెలలో 43, 44 డిగ్రీల ఎండలో తారు రోడ్డు ఇంకా కాగి ఉన్నప్పుడు, గాలి తక్కువగా ఉన్న పాత టైరు మీద వందలో పోవడం కంటే పెద్ద తెగింపు ఉండదు. గాలి పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు పట్టించుకోవాలి. స్టెప్నీ అంకెలు కూడా చూడండి, కారుతో పాటు వచ్చిందే ఇంకా అక్కడ పడుకుని ఉంటుంది.

చెప్పి పోయేవాటి దగ్గరికి వద్దాం. ఇక్కడ మన చెవే పనిముట్టు.

ముందు బ్రేకు ప్యాడ్లు. చాలా ప్యాడ్లకు పక్కన సన్న ఇనుప రేకు ఒకటి పెడతారు. ప్యాడు అరిగేసరికి ఆ రేకు డిస్కుకు తగిలి కీచుమంటుంది. ఆ కీచును "దుమ్ము పడింది" అని కొట్టిపారేయకుండా చక్రం విప్పించి చూస్తే కొన్ని రోజుల వ్యవధి మిగిలే ఉంటుంది. కీచు పోయి గరగర మొదలైతే ఇనుమును ఇనుము కోస్తోందని, ప్యాడుతో పాటు డిస్కు కూడా ఖర్చు కింద చేరిందని. వెనక డ్రమ్ముల్లో లైనర్లకు ఈ రేకు ఉండదు, వాటిని విప్పి చూడాల్సిందే.

లైనర్ల మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. ఒకప్పుడు బ్రేకు లైనర్లలో రాతినార, అంటే ఆస్‌బెస్టాస్, వాడేవాళ్ళు. ఆ రాతినార పులివెందుల వైపు బ్రాహ్మణపల్లె గనుల్లో దొరికేది. ఊపిరితిత్తులకు చేటని తేలాక 1986 నుంచి దాని గనులకు కొత్త లీజులివ్వడం, 1993 నుంచి పాతవి పొడిగించడం కేంద్రం ఆపేసింది. ఇప్పటికీ బ్రేకు ప్యాడ్లలో కలిపే మరో ఖనిజం ముగ్గురాయి, బెరైటీసు. దానికి ప్రపంచంలోనే పేరుమోసిన మంగంపేట గని పాత కడప జిల్లాలోదే. అందులో ఎక్కువ భాగం చమురు బావుల తవ్వకానికి పోతుందనుకోండి. ఎక్కడో తయారైన ప్యాడు మన నేల మట్టిని కొంత కలుపుకుని మళ్ళీ మన రోడ్డు మీదికే వచ్చిందేమో, ఎవరికి తెలుసు. కానీ షెడ్డులో డ్రమ్ము విప్పగానే గాలిగొట్టంతో ఉఫ్‌మని లైనరు దుమ్ము ఊదే పద్ధతి మాత్రం మానాలి. పాత బండి లైనరులో ఏముందో పైకి తెలియదు. తడిగుడ్డతో తుడిస్తే పోతుంది, ఆ పని చేసే పిల్లవాడి ఊపిరి బాగుంటుంది.

క్లచ్ కూడా ముందే చెబుతుంది. గండికోటకు పోయే దారిలో ఎత్తు వచ్చినప్పుడు యాక్సిలరేటరు తొక్కితే ఇంజను గొంతు పెరిగి బండి వేగం పెరగకపోతే ప్లేటు జారుతోందని. కాలిన వాసన కూడా వస్తుంది. అప్పటికి ఇంకా కొన్నాళ్ళు జాగ్రత్తగా తిప్పుకోవచ్చు, లోడు వేయకుండా. అయితే మార్చేటప్పుడు పిసినారితనం పనికిరాదు. క్లచ్ ప్లేటు కోసం గేరుబాక్సు దించాలి, ఆ పనిలో కూలీయే పెద్ద ఖర్చు. దించిన తర్వాత ప్లేటు ఒక్కటే మార్చి, ప్రెషరు ప్లేటు, రిలీజు బేరింగు పాతవే బిగిస్తే, బేరింగు అరిచిన రోజున మళ్ళీ అంత కూలీ ఇచ్చి గేరుబాక్సు దించాలి. టైమింగ్ బెల్టుకూ ఇదే న్యాయం. బెల్టుతో పాటు టెన్షనరు, ఆ బెల్టు మీదే నీళ్ళ పంపు తిరిగే బండయితే ఆ పంపు, ఒకే విప్పుడులో మార్పించాలి. సామాను బాగుందా లేదా అనే ప్రశ్న ఇక్కడ రెండోది. మళ్ళీ అక్కడి దాకా చేయి పోవాలంటే ఎంతవుతుందన్నది మొదటిది.

కింద ఉండే సామాన్లు ఎప్పుడూ ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంటాయి. వేగంతో పాటు పెరిగే హూమనే రొద, స్టీరింగు ఒక పక్కకు తిప్పితే పెరిగి ఇంకో పక్కకు తిప్పితే తగ్గిందంటే చక్రం బేరింగు. బండి మలిపేటప్పుడు టకటకమంటే ముందు యాక్సిలు జాయింటు. గతుకులో దడదడమంటే లింకు రాడ్డో, లోయరు ఆర్మ్ బుష్షో. సుమో, బొలేరోల్లో క్లచ్ వదలగానే కింద టంగుమంటే ప్రొపెల్లరు షాఫ్టు క్రాసు. వీటిలో బాల్ జాయింటును మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. సినిమాల్లో మన సీమ సుమోలు బాంబులకు గాల్లోకి లేస్తుంటాయి, అది వాళ్ళ సరదా. నిజం బండికి బాల్ జాయింటు ఊడితే ముందు చక్రం పక్కకు వాలి అక్కడే కూలబడుతుంది. జాకీ ఎత్తి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే ఆట ఎంతుందో తెలుస్తుంది. ఆట ఉందంటే వాయిదా లేదు.

యాక్సిలు జాయింటు మీద రబ్బరు బూటు ఉంటుంది. మన దారులకు తగిన హెచ్చరిక ఇది. తోటల బాటల్లో కంప గీసుకుపోయి ఈ బూటు చిరుగుతుంది. లోపలి గ్రీజు బయటికి చిమ్ముతుంది, బయటి దుమ్ము లోపలికి పోతుంది. చిరిగిన వారంలోనే చూసుకుంటే బూటు, ఇంత గ్రీజుతో పని అయిపోతుంది. టకటక మొదలయ్యేదాకా ఉంటే జాయింటే మార్చాలి. అందుకని సర్వీసుకు ఎత్తినప్పుడు ఓనరు కూడా వంగి కిందికి చూడాలి. చక్రం లోపలి వైపు నల్లగా గ్రీజు మరకలు కనబడితే అదే.

దుమ్ము సంగతి ఇంకొంచెం. కలమల్ల దగ్గర థర్మల్ విద్యుత్ కేంద్రం ఆర్.టి.పి.పి. నుంచి బూడిద లారీలు, యర్రగుంట్ల నుంచి సిమెంటు లారీలు, క్వారీల నుంచి నాపరాళ్ళ ట్రాక్టర్లు, వీటి వెనకాల రోజూ పోయే బండికీ, బెంగుళూరులో ఫ్లైఓవర్ల మీద తిరిగే బండికీ ఎయిర్ ఫిల్టరు గడువు ఒకటే ఎట్లవుతుంది? పుస్తకంలో దుమ్ము ప్రాంతాలకు వేరే గడువు రాసే ఉంటుంది, చిన్న అక్షరాల్లో. ఫిల్టరు కాగితాన్ని గట్టి గాలితో ఊదించి మళ్ళీ మళ్ళీ పెట్టడం వల్ల దానికి కంటికి కనబడని చిల్లులు పడతాయి. ఆ చిల్లుల్లోంచి పోయిన సన్న దుమ్ము పిస్టన్ రింగులను అరగదీస్తుంది. ఇంజను బోరుకొచ్చిందని తల పట్టుకునే చాలా కథలు చవకైన ఫిల్టరు దగ్గరే మొదలవుతాయి.

బ్యాటరీ గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. చలి చంపుతుందనుకుంటారు గానీ దాని ప్రాణం తీసేది ఎండ. మూడు నాలుగేళ్ళు దాటాక పొద్దున్నే సెల్ఫు బరువుగా తిరిగిందంటే అంగడికి పోయి లోడు టెస్టు చేయించండి. ఊరకే ఆగి ఉన్నప్పుడు 12.6 వోల్టులు చూపాలి. అది చూపి కూడా సెల్ఫు కొట్టగానే 9.6 కంటే కిందికి జారిపోతే దాని రోజులు అయిపోయినట్టే.

కొనే సామాను ఎలాంటిది? బంగారం మంచిదో కాదో గీటురాయి మీద గీసి చెప్పే ఊరు ప్రొద్దుటూరు. బండి సామానుకు అలాంటి రాయి లేదు. కంపెనీ డబ్బా మీద పార్టు నంబరు, ధర, ముద్ర సరిచూసుకోవడం, బిల్లు అడగడం, అంతే మన చేతిలో ఉన్నది. నా పద్ధతి ఇది. ఆపేవి, తిప్పేవి, బెల్టులు, ఇవి కంపెనీవో, కంపెనీకి సరఫరా చేసే పేరున్న తయారీవో తప్ప వేయించను. అద్దాలు, తలుపు పిడులు, బంపర్ల లాంటివి లోకల్ సామాను వేసినా, పాత బండి నుంచి తీసినవి వేసినా నాకు అభ్యంతరం లేదు. సెకండ్ హ్యాండు డైనమో కొన్నాళ్ళు లాగుతుంది. సెకండ్ హ్యాండు టైమింగ్ బెల్టు కొనేవాడు ఉండడనుకుంటాను. బ్రేకు ప్యాడ్లు, షాకబ్జర్లు, టైర్లు ఇరుపక్కలా జతగా మార్చాలి. ఒక పక్క కొత్తది, ఇంకో పక్క పాతది ఉంటే బ్రేకు కొట్టినప్పుడు బండి పక్కకు లాగుతుంది. విప్పిన పాత సామాను చేతికివ్వమని అడగండి. "భాయ్, ఆ పాతది ఒకసారి చూపించు" అంటే మంచి మెకానిక్ నొచ్చుకోడు, ఎక్కడ అరిగిందో వేలు పెట్టి చూపిస్తాడు. ఆ అయిదు నిమిషాల్లో తెలిసేది ఏ పుస్తకంలోనూ ఉండదు. డ్యాష్‌బోర్డు అరలో ఒక చిన్న నోటు పుస్తకం పెట్టి తేదీ, కిలోమీటరు, మార్చిన సామాను రాసుకుంటే, రెండేళ్ళ కింద బ్రేకు ఆయిలు మార్చామా లేదా అని ఇంట్లో వాదులాడుకునే పని ఉండదు. బండి అమ్మేటప్పుడు ఆ పుస్తకమే కొంత ధర పలుకుతుంది.

మార్చడం ఎక్కడ ఆపాలనేది కూడా ఉంది. ఒక్క రిపేరు ఖర్చు బండి ధరలో సగం దాటితే ఆలోచించమంటారు. నేను దానికంటే ముందు బండి కింది భాగం చూడమంటాను. ఇంజను బోరు చేయించవచ్చు, గేరుబాక్సు దించి ఎక్కించవచ్చు. కానీ ఛాసిస్సు, సస్పెన్షను పట్టుకుని ఉండే రేకులు తుప్పు తిని వేలితో పొడిస్తే రాలుతుంటే, దానికి కొత్త సామాను బిగించి లాభం లేదు, బోల్టు పట్టే చోటే లేదు. మన పొడి గాలిలో సముద్రపు ఊళ్ళంత తుప్పు రాదు. మద్రాసులోనో నెల్లూరులోనో పదేళ్ళు తిరిగి వచ్చిన బండి కొంటున్నారంటే మాత్రం పైన రంగు కాదు, కింద రేకు చూడండి.

ఇక కాగితాల సంగతి. పదిహేనేళ్ళు దాటితే బండి తుక్కుకు వేయాల్సిందేనని చాలామంది భయపడుతున్నారు. ఢిల్లీలో పదేళ్ళ డీజిలు, పదిహేనేళ్ళ పెట్రోలు బండ్ల మీద వచ్చిన ఆంక్షలు అక్కడి గాలి కోసం వచ్చినవి, మన జిల్లాకు వర్తించవు. సొంత కారు రిజిస్ట్రేషను పదిహేనేళ్ళు చెల్లుతుంది, తర్వాత బండి తనిఖీలో నెగ్గితే అయిదేళ్ళకోసారి పొడిగిస్తారు. ఆ ఫీజు మాత్రం 2022 ఏప్రిల్ నుంచి 600 రూపాయల నుంచి 5,000కు పెరిగింది. ఇరవై ఏళ్ళు దాటిన కార్లకు 2025లో పదివేలు చేశారు. గ్రీన్ టాక్సు దానికి వేరే. కాబట్టి పదమూడో ఏట, పద్నాలుగో ఏట పెద్ద పని ఏదైనా తలపెట్టేముందు ఈ ఖర్చు కూడా కలిపి లెక్క వేసుకోండి. ఆర్.సి. తీసి గడువు తేదీ చూడండి. ఆ తేదీకి ముందు అరవై రోజుల లోపల ఫారం 25తో దరఖాస్తు పెట్టుకోవాలి. తనిఖీకి పోయే ముందు బ్రేకులు, టైర్లు, లైట్లు, హారను సరిచూసుకోండి. వైపరు రబ్బర్లు కూడా. అన్నింటిలోకీ చవకైనవి అవే, మన ఎండకు ఏడాది తిరక్కముందే బిగుసుకుపోయేవీ అవే, వాన పడిన రోజు తప్ప గుర్తుకు రానివీ అవే.